గ్రెయినుకు యావజ్జీవం, టన్నుకు మూడు వేలు

హోసూరులో మిద్దె మీది గదిలో కూచుని పిస్తోలు తూటాలు సొంతంగా నింపుకోవాలనుకునే గృహస్థుడు ఏ మిషను కొనాలి? తెలుగులో ఈ ప్రశ్నకు బాధ్యతగా జవాబు రాసినవాడు నాకు కనబడలేదు. మిక్సీ ఎన్ని వాట్లది కొనాలో చెప్పేవాళ్ళు వీధికి పదిమంది. బోరుబావిలో ఏ మోటారు దించాలో ఏ టీకొట్టు దగ్గర నిలబడినా తేలిపోతుంది. తూటాల దగ్గరికి వచ్చేసరికి మాత్రం జాతి మొత్తం నోట్లో బెల్లంగడ్డ పెట్టుకుంది. ఆ లోటు పూడ్చడానికి నడుం కట్టాను.

ఈ పుణ్యం మా అక్క కొడుకుది. టెక్సాసులో ఉద్యోగం వెలగబెట్టి తిరిగొచ్చి, బాగలూరు రోడ్డులో ఇల్లు కట్టాడు. కారు షెడ్డు పక్కన ఒక గది విడిగా కట్టించాడు. పూజకా అంటే కాదన్నాడు, అద్దెకా అంటే కాదన్నాడు. "అక్కడ నాకు రీలోడింగు బెంచి ఉండేది మామా. ఇక్కడా పెట్టుకుంటాను" అన్నాడు. వాళ్ళమ్మ బెంచి అన్న ముక్క ఒక్కటే విని, "టేకుదే చేయించు నాయనా, చెద పట్టదు" అని లోపలికి పోయింది.

తెలియనివాళ్ళకు రెండు ముక్కలు చెప్పాలి. తూటాలో ఉండేవి నాలుగే: ఇత్తడి గుల్ల, దాని అడుగున ప్రైమరు అనే చిటికెడు టోపీ, లోపల మందు, మూతి మీద గుండు. పేల్చాక గుండు పోతుంది, మందు మండిపోతుంది, టోపీ చచ్చిపోతుంది. గుల్ల బతికే ఉంటుంది. కాస్త ఉబ్బి ఉంటుంది, అంతే. దాన్ని నొక్కి పాత కొలతకు తెచ్చి, తక్కిన మూడూ కొత్తవి పెట్టుకుంటే తూటా చవకలో వస్తుందని అమెరికావాడి లెక్క. అలా మిగిల్చిన డబ్బుతో ఇంకో మిషను కొంటాడు. ఆ లెక్క భార్యకు చెప్పడు.

అక్కడ ఇదొక కులాచారం. పచ్చ మిషను వాళ్ళు, ఎర్ర మిషను వాళ్ళు, నీలం వాళ్ళు, నారింజ వాళ్ళు. పచ్చవాళ్ళు ఆర్‌సీబీఎస్, ఎర్రవాళ్ళు లీ, నీలంవాళ్ళు డిల్లన్, నారింజవాళ్ళు లైమన్. ఒకడి బెంచి మీద రెండో రంగు కనబడితే పార్టీ ఫిరాయించాడనే అర్థం. ఆర్‌సీబీఎస్ పుట్టుక మరీ ముచ్చటైంది. 1943లో కాలిఫోర్నియాలోని ఓరోవిల్ ఊళ్ళో ఫ్రెడ్ హంటింగ్టన్ అనే ఆయన రాక్ చక్ అనే ఉడుత దాయాదిని కొట్టడానికి సరైన గుండు కావాలని ఒక సాధనం చేసుకున్నాడు. కంపెనీ పేరులో మొదటి రెండక్షరాలూ ఆ జంతువువే. ఉడుత చుట్టం ఒకటి అలా ఒక పరిశ్రమకు మూలపురుషుడైంది. మన దెంకణికోట రైతు చేలో ఏనుగులు మందలుగా దిగుతాయి. ఆయన పేరున ఇంతవరకూ ఏ పరిశ్రమా వెలవలేదు. సరే, ఆ రైతు దగ్గరికి తరవాత వద్దాం.

మిషన్లలో మూడు జాతులు. పిడి ఒకసారి లాగితే ఒక పని చేసేది మొదటిది. దీన్ని నిదానస్తులు కొంటారు. అచ్చులన్నీ ఒక చక్రం మీద బిగించి తిప్పుకునేది రెండోది. పిడి లాగినప్పుడల్లా ఒక తూటా తయారై పళ్ళెంలో పడేది మూడోది. దీన్నే ప్రోగ్రెసివ్ అంటారు. గంటకు వందల తూటాలు రాలుస్తుంది. మావాడి మనసు దీని మీదే. నీలం రంగుది.

"నీ దగ్గర ఉన్న ఆయుధం ఏదిరా?" అన్నాను. ఇంకా లేదన్నాడు. లైసెన్సు కూడా ఇంకా లేదు. బెంచి ముందు, తుపాకి తరవాత. మన ఊళ్ళో ఇది కొత్త కాదులెండి. రోడ్డు వేశాక మురుగుకాలవ తవ్వే దేశమే మనది.

నేను సలహాదారుణ్ణి కాబట్టి క్రమంగా వెళ్ళాను. మొదట ఏ కొలత తూటా అన్నది తేలాలి. అమెరికాలో చాలామంది 9 ఎం.ఎం. దగ్గర మొదలుపెడతారు. మన దగ్గర 9 ఎం.ఎం. పోలీసుదీ సైన్యానిదీ, మామూలు పౌరుడికి నిషిద్ధ కొలత. పేరుమోసిన షూటర్లకు వేరే దారి ఉంది, మావాడికి పేరు లేదు, మోయడమూ లేదు. సరే, .22 అంటే? అందులో పేలే మందు టోపీలో ఉండదు, గుల్ల అంచు మడతలోనే ఉంటుంది. ఒకసారి సుత్తి దెబ్బ తిన్న అంచును బాగుచేసి మళ్ళీ నింపుకోవడానికి ఏ రంగు మిషనుకూ చేతకాదు. ఇక మిగిలింది .32. కాన్పూరు సర్కారీ కార్ఖానా చేసే రివాల్వరు. అదే కార్ఖానా 2014లో ఆడవాళ్ళ రక్షణ కోసమని నిర్భీక్ పేరుతో అరకిలో బరువున్న .32 రివాల్వరు విడుదల చేసింది. ధర 1,22,360 రూపాయలు. సిప్కాట్ పారిశ్రామికవాడలో రాత్రి షిఫ్టు దిగి చీకట్లో బస్సు కోసం నిలబడే ఆడపిల్ల ఆ ధర విని వెంటనే నిర్భయురాలయి ఉంటుంది.

ఇప్పుడు ఆ .32 ఎవరింట్లో ఉందో, ఏం చేస్తోందో చూద్దాం. బీరువాలో పట్టుచీరల వెనక ఉంది. ఆయుధపూజ నాడు బయటికొచ్చి కుంకుమ పెట్టించుకుని మళ్ళీ లోపలికి పోతుంది. ఎన్నికలొచ్చినప్పుడు పోలీసు స్టేషనుకు పుట్టింటికి పోయినట్టు పోయి ఫలితాలయ్యాక తిరిగొస్తుంది. పెళ్ళిళ్ళలో పంచె కింద ఉబ్బెత్తుగా కనబడటం దాని ముఖ్యమైన వృత్తి. కొన్న తూటాలు కొన్నట్టే డబ్బాలో ఉంటాయి. ఏడాదికి ఎన్ని కొనవచ్చో, ఒక్కసారికి ఎన్ని ఉంచుకోవచ్చో లైసెన్సు పుస్తకంలో రాసే ఉంటుంది గానీ, ఆ కోటా కూడా వాడినవాడు అరుదు. మళ్ళీ నింపాలంటే ముందు ఖాళీ కావాలి కదా! గంటకు వందలు రాల్చే మిషను ముందు మన పెద్దమనిషి చేతిలో ఒక్క ఖాళీ గుల్ల కూడా లేకుండా నిలబడాలి.

ఇంతవరకూ హాస్యం. ఇక చట్టం. అది ఇంకా హాస్యం.

1959 ఆయుధాల చట్టం రెండో సెక్షను తీసి చదవండి. మందుగుండు అంటే ఏమిటో చెబుతూ రాకెట్లు, బాంబులు, గ్రెనేడ్లు అని మొదలుపెట్టి, కింద ఆరో ఉపఖండంలో మందుగుండు భాగాలూ, మందుగుండు తయారుచేసే యంత్రాలూ కూడా మందుగుండే అని తేల్చేసింది. అంటే మావాడి నీలం మిషను పెట్టెలోంచి తీయకముందే, ఒక్క తూటా నింపకముందే, తనే ఒక తూటా. గుల్లను నొక్కే ఉక్కు అచ్చు తూటా. దాన్ని బిగించిన టేకు బెంచి సంగతి చట్టం చెప్పలేదు. మా అక్క అదృష్టం.

అయిదో సెక్షను ప్రకారం లైసెన్సు లేకుండా మందుగుండు తయారుచేయకూడదు, మార్చకూడదు, మరమ్మతు చేయకూడదు, పరీక్షించకూడదు. మావాడు లాయరులా అడిగాడు: "ఖాళీ గుల్లను మళ్ళీ నింపడం తయారీ ఎందుకవుతుంది మామా, రిపేరు కదా?" రిపేరు కూడా అదే వాక్యంలో ఉంది నాయనా. 2019 డిసెంబరు సవరణ తరవాత ఈ తయారీ నేరానికి కనీసం 7 ఏళ్ళు, పైన యావజ్జీవం. అమెరికావాడు మిషను కొనేటప్పుడు జీవితకాలం వారంటీ ఉందా అని చూస్తాడు. మన దగ్గర ఆ వారంటీ ప్రభుత్వమే ఇస్తుంది.

ఇందులో అసలు తమాషా ఊరిది. హోసూరులో ఆ మిషను చేయలేనివాడు ఎవడు? 1970లలో సిప్కాట్ వచ్చినప్పటినుంచి ఈ ఊరు ఇనుముతోనే అన్నం తింటోంది. అశోక్ లేలాండ్ లారీ ఇంజనూ ఇక్కడిదే, టీవీఎస్ మోపెడ్ ఇక్కడిదే, టైటాన్ గడియారంలో కంటికి ఆనని చక్రాలూ ఇక్కడివే. ఏ లేతు షెడ్డుకైనా పోయి కాగితం మీద గీసి చూపిస్తే, బీడీ ఆర్పేలోపు, "ఇంతేనా సార్, సాయంత్రం రండి" అంటాడు. వెంట్రుకలో పదో వంతు తేడా లేకుండా ఇస్తాడు కూడా. పాపం, తను ఆ పూట చేసింది బాంబుతో సమానమని అతనికి ఎవరూ చెప్పి ఉండరు.

తూకం గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, కథంతా దాని మీదే నడుస్తుంది కాబట్టి. తూటాలో మందును గ్రాముల్లో తూచరు, గ్రెయిన్లలో తూస్తారు. పౌండుకు 7,000 గ్రెయిన్లు. ఒక గ్రెయిను బరువు మన గురిగింజలో సగం. పిస్తోలు తూటాకు పట్టేది కొద్ది గ్రెయిన్లే. అందులోనూ గ్రెయినులో పదోవంతు దగ్గర నింపేవాడు ఊపిరి బిగబడతాడు, ఫ్యాను ఆపుతాడు, పిల్లల్ని బయటికి పంపుతాడు. ఏమరపాటున ఒకే గుల్లలో రెండుసార్లు మందు పడితే తుపాకి గురి మార్చుకుని పట్టుకున్నవాడి వైపే చూస్తుంది. అందుకే అక్కడ బుద్ధిమంతుడు మిషను కంటే తరాజుకు ఎక్కువ ఖర్చు పెడతాడు. ఈ గ్రెయిను మనకు పరాయిది కూడా కాదు. కుంపిణీవాళ్ళు 1833లో తులాన్ని 180 గ్రెయిన్లకు ఖాయం చేశారు. మా అవ్వ ముక్కుపుడక కూడా ఆ లెక్కలోనే తూగింది. మావాడు ఒక ఎలక్ట్రానిక్ తరాజు టెక్సాసు నుంచి తెచ్చుకున్నాడు. దాని మీద కాగితం ముక్క పెట్టి, పెన్నుతో పేరు రాసి మళ్ళీ పెట్టి, సిరా బరువు చూపించాడు.

ఆ తరాజు సున్నితత్వం మన సర్కారుకు ఎక్కడ ఉందో వెతుకుదాం. ముందు దెంకణికోట వైపు పోదాం.

నిజానికి మన కృష్ణగిరి జిల్లాలో ఇంటి దగ్గర తూటా నింపుకునే విద్య హంటింగ్టన్ పుట్టకముందునుంచీ ఉంది. నాటు తుపాకి అంటే అదే కదా: మూతిలోంచి మందు, గుడ్డపేలిక, రవ్వలు, వెనక టోపీ. ప్రతి దెబ్బా సొంత నింపకమే. 1791 నవంబరులో కుంపిణీ సేన ఈ కృష్ణగిరి కొండ మీదికి వచ్చినప్పుడు కింద పేట చిక్కింది గానీ పైన కోట చిక్కలేదు. పైనవాళ్ళు నింపుకుంటూనే ఉన్నారు. మరుసటేడు సంధిలో ఈ బారామహల్ సీమ కుంపిణీకి పోయింది. 1857 చూసి జడుసుకున్న దొరలు 1878లో ఆయుధాల చట్టం తెచ్చి దేశాన్ని లైసెన్సు కిందికి నెట్టారు. దొరలు పోయారు. జడుపు మాత్రం ఆస్తిపాస్తులతో పాటు మనకు సంక్రమించింది.

ఇప్పటి చట్టం రైతును మరచిపోలేదు సుమా. పంట కాపాడుకోవడానికి మూతి నింపే తుపాకి అడిగితే లైసెన్సు ఇవ్వాలని పదమూడో సెక్షనులోనే ఉంది. అడగడానికి అంచెట్టి నుంచి కృష్ణగిరి కలెక్టరేటు దాకా వెళ్ళాలి. ఫారాలు, పోలీసు రిపోర్టు, తుపాకి వాడటం నేర్చుకున్నట్టు సర్టిఫికెట్టు, కంప్యూటరులో గుర్తింపు సంఖ్య. ఈలోపు రాగి చేలో కంకి ముదిరి, ఏనుగులు బన్నేరుఘట్ట దాటి తళి, జవళగిరి, శానమావు మీదుగా దిగి, కోత కోసుకుని పోతాయి. ఏనుగు దగ్గర ఫారం ఉండదు.

ఏనుగును కాల్చాలని నేను అనడం లేదు. అది దైవం, పైగా వన్యప్రాణి చట్టంలో ఒకటో షెడ్యూలు. పందిని అడుగుదాం. 2025 జనవరిలో తమిళనాడు ప్రభుత్వం అడవిపందికి కొలబద్ద ప్రకటించింది. రిజర్వు అడవి హద్దునుంచి 1 కిలోమీటరు లోపల ఉంటే కాల్చకూడదు. 1 నుంచి 3 కిలోమీటర్ల మధ్య ఉంటే పట్టుకుని అడవిలో వదలాలి. 3 దాటితే కాల్చవచ్చు, అదీ అటవీశాఖవాళ్ళే. కాబట్టి రైతు పంటనష్టం గురించి పెద్దగా దిగులుపడనక్కర్లేదు. కొలతల టేపు పట్టుకుని పంది పక్కన నిలబడితే చాలు. 2,999 మీటర్ల దగ్గర వేరుశెనగ తవ్వే పందిని ఇంకో అడుగు ముందుకు వేయమని బతిమాలుకోవచ్చు.

కర్ణాటక పక్క, కొడగులో, పుట్టుకతో కొడవలైనవాళ్ళకు తుపాకి లైసెన్సే అక్కర్లేదు. దొరలిచ్చిన ఆ మినహాయింపును కేంద్రం 2019లో మళ్ళీ 2029 దాకా పొడిగించింది. తుపాకికి పూలదండ వేసి వాళ్ళు పండగ చేసుకుంటారు. మన పక్క అప్పుడప్పుడూ లైసెన్సులేని నాటు తుపాకులు అప్పగించండి, కేసు పెట్టం అని చాటింపు వేస్తారు. అప్పగించినవాళ్ళలో కొందరు తుపాకికి బదులు కంచెకు కరెంటు తగిలిస్తారు. 2023 మార్చిలో పక్క ధర్మపురి జిల్లా మారండహళ్ళి దగ్గర అలాంటి దొంగకంచెకు మూడు ఆడ ఏనుగులు బలయ్యాయి. కరెంటుకు లైసెన్సు అడిగేవాడు లేడు.

మరి ఏనుగులొస్తే అటవీశాఖ ఏం చేస్తుంది? పటాసులు పేలుస్తుంది. తుపాకి ప్రమాదకరం కదా, పటాసులు క్షేమం.

ఇదిగో, తరాజు ఇప్పుడు తీయాలి. 2023 జులై 29, శనివారం పొద్దున. కృష్ణగిరి పాతపేటలో, ఇళ్ళ మధ్య, హోటలు పక్కన ఉన్న పటాసుల గోదాము పేలింది. 9 మంది చచ్చిపోయారు. పక్క కట్టడాలు కూలాయి. అందులో ఎన్ని గ్రెయిన్ల మందు ఉందో లెక్కవేయాలంటే మావాడి తరాజు మీద అంకెలు చాలవు. కారణం పటాసులా, పక్క హోటల్లోని గ్యాసు సిలిండరా అని పెద్దలు వాదులాడుకున్నారు. ఇళ్ళ నడుమ ఆ సరుకు ఎందుకుందన్న ప్రశ్న ఆ వాదులాటలో ఎక్కడో కాలికింద పడింది. ముఖ్యమంత్రి మూడు లక్షలు, ప్రధాని రెండు లక్షలు ప్రకటించారు. తూకం అంత తొందరగా ఇంకెప్పుడూ తేలదు.

రెండున్నర నెలలు కూడా కాలేదు. అక్టోబరు 7న, హోసూరు దాటగానే వచ్చే అత్తిబెలెలో, లారీలోంచి సరుకు దించుతుండగా దీపావళి పటాసుల కొట్టు అంటుకుంది. ఆ రాత్రికే 14 మంది. ఆసుపత్రిలో ఆ అంకె ఇంకా పెరిగింది. పండగ సీజనులో నాలుగు రూకలు సంపాదించుకుందామని తమిళనాడు పల్లెల నుంచి వచ్చిన కుర్రాళ్ళు, వాళ్ళలో చదువుకునే పిల్లలు. అది కర్ణాటక, ఇది తమిళనాడు. మంటకు ఆ తేడా తెలియలేదు గానీ ఫైళ్ళకు బాగా తెలుసు.

చట్టం ఏమంటుంది? పేలుడు పదార్థాల చట్టం, 1884 నాటిది, సెక్షను 9బి. లైసెన్సు షరతులు మీరి పేలుడు సరుకు పెట్టుకున్నా, అమ్మినా, రవాణా చేసినా: రెండేళ్ళ దాకా జైలు, లేదా మూడు వేల రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. మనుషులు చచ్చాక పెద్ద సెక్షన్లు వస్తాయి, నిజమే. చావకముందు ధర మాత్రం ఇదీ. కారు షెడ్డు పక్కగదిలో పిడి ఉన్న మిషను పెట్టుకుని సగం గురిగింజ మందు తూచేవాడు యావజ్జీవానికి అర్హుడు. బజారు వీధిలో లారీల కొద్దీ దింపుకునేవాడికి ఒక మంచి స్మార్ట్‌ఫోను ఖరీదులో పదోవంతు జరిమానా. ఆ జరిమానాకు జడుసుకునే పటాసుల వ్యాపారిని నేను చూడలేదు. ఒక్క పెట్టె చిచ్చుబుడ్ల లాభంలో తీరిపోతుంది.

కాబట్టి నా సలహా, వృత్తిధర్మం ప్రకారం, మావాడికి స్పష్టంగా చెప్పాను. పచ్చా వద్దు, నీలమూ వద్దు. దీపావళికి తాత్కాలిక కొట్టుకు దరఖాస్తు పెట్టుకో. రేకుల షెడ్డు, ఇసక బకెట్టు, అరువు తెచ్చిన మంట ఆర్పే సిలిండరు. పరికరాల జాబితా అంతే. ఇసక నిండుగా ఉండనక్కర్లేదు, పైన పరిస్తే చాలు.

మావాడు తరాజు తుడిచి పెట్టెలో పెడుతూ అడిగాడు. "కొట్లో ఎంత మందు పెట్టుకోవచ్చు మామా?"

"లైసెన్సులో రాస్తారు."

"ఎక్కువైతే?"

"తూచడానికి వచ్చినవాడు చెప్తాడులే."

"ఎప్పుడొస్తాడు?"

"పేలాక."